మహారాజశ్రీ గూని గారికి

మహారాజశ్రీ గూని గారి సముఖానికి, తమరిని పాతికేళ్లుగా వీపున మోస్తున్నవాడు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు, మొన్న టైలర్ చెప్పాడు.

బావమరిది పెళ్లికి చొక్కా కుట్టించుకుందామని వెళ్లాను. టేపు నా మెడ దగ్గర పెట్టి కిందికి లాగాడు. మళ్లీ పెట్టి మళ్లీ లాగాడు. "సార్, వెనక భాగం ఇంచున్నర ఎక్కువ పెడతాను. లేకపోతే చొక్కా వెనక పైకి లేచిపోతుంది" అన్నాడు. ఎందుకన్నాను. మర్యాదస్తుడు. "వీపు కొంచెం రౌండుంది సార్" అని, పుస్తకంలో కొలతల పక్కన చిన్న గుర్తు పెట్టుకున్నాడు. అలా తమరు మొదటిసారి రికార్డులకెక్కారు. మా అబ్బాయి పేరు రేషన్ కార్డులో ఎక్కడానికి మాత్రం మూడేళ్లు తిరిగాను.

ముందే ఒక మాట. పుట్టుకతోనో జబ్బుతోనో వీపు వంగినవాళ్ల జోలికి ఈ ఉత్తరం పోదు. నేను మాట్లాడేది చేజేతులా సంపాదించుకున్న తమరితో.

తమరు వస్తారని మా నాయనమ్మ ఎప్పుడో చెప్పింది. "నిటారుగా కూర్చోరా, గూనొస్తుంది" అని రోజుకు పదిసార్లు. పుచ్చకాయ గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందనీ చెప్పింది. చెట్టు రాలేదు. తమరు వచ్చారు.

అయితే ఊరికే రాలేదు, చాలా కష్టపడ్డాను. ఆరో తరగతి నుంచీ పుస్తకాల సంచి ఒకటే భుజానికి. రెండు భుజాలకూ వేసుకుంటే చిన్నపిల్లాడంటారు కదా. ఇంటర్లో హాస్టల్ నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో పరీక్ష అట్ట పెట్టుకుని రెండేళ్లు ఎంసెట్ లెక్కలు. ముక్కు పుస్తకానికి ఎంత దగ్గరైతే సీటు అంత దగ్గరని నమ్మిన రోజులవి. అనుకున్న ర్యాంకు రాలేదు. ఆ తర్వాత ఉద్యోగం, 2020 మార్చిలో లాక్‌డౌన్. కంపెనీ లాప్‌టాప్ ఇచ్చింది, బల్ల ఇవ్వలేదు. మంచం, రెండు దిళ్లు, ఒళ్లో లాప్‌టాప్. అక్కడ తమరు స్థిరనివాసం ఏర్పరచుకున్నారు.

ఇక ఫోన్. మనిషి తల బరువు సుమారు 5 కిలోలట. న్యూయార్క్‌లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ 2014లో ఒక లెక్క వేశారు. తలను 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం దాదాపు 27 కిలోలు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తా, పైన రెండు కిలోల కందిపప్పు. అది కంప్యూటర్ మోడల్ లెక్క, ఎవరి మెడలోనూ కాటా పెట్టి తూచలేదు. అయినా మా ఆవిడ దాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. కిరాణా కొట్టు నుంచి బియ్యం బస్తా తెమ్మంటే నాకు నడుం నొప్పి గుర్తొస్తుంది. రాత్రి పడుకునే ముందు ఎవరో చేపల పులుసు వండే వీడియోల కోసం మాత్రం అదే బస్తాని గంటన్నర మోస్తాను, కూలి అడక్కుండా.

తమరిని పెంచిన పుణ్యం నా ఒక్కడిదే అంటే ఊరుకోను. ఊరూవాడా చెయ్యి వేశారు. మొక్కై వంగనిది మానై వంగునా అని, వంగడమే చదువని మొదటే తేల్చేశారు. పెద్దల ముందు చేతులు కట్టుకుని కాస్త ముందుకు వంగితే "ఎంత వినయమో!" తల పైకెత్తి మాట్లాడితే "ఎంత పొగరో!" మా చెల్లి పదో తరగతిలో నిటారుగా నడిచేది. వీధిలో పెద్దమ్మలు అరుగుల మీద నుంచే "ఆ నడకేంటే, తల దించుకుని నడవలేవూ?" అనేవాళ్లు. చున్నీ సర్దుకుంటూ భుజాలు ముందుకు ముడుచుకోవడం అది అప్పుడు నేర్చుకుంది. నలభై ఇంకా నిండలేదు, భుజం నొప్పికి కరెంటు పెట్టించుకుంటోంది. ఆ పెద్దమ్మల్లో ఒకావిడ మొన్న వీడియో కాల్ చేసి "మీ కాలం ఆడపిల్లలకి నిటారుగా కూర్చోవడమే రాదమ్మా" అంది.

మా ఆఫీసులో అప్రైజల్ రోజు కుర్చీ అంచున కూర్చుని, ముందుకు వంగి, ప్రతి మాటకీ తల ఊపుతాను. అప్పుడు నా మెడ ఎన్ని డిగ్రీలు వంగుతుందో ఏ మోడలూ చెప్పలేదు. హైక్ మాత్రం నాలుగు శాతం.

చివరికి ఫిజియోథెరపీకి వెళ్లాను. మెడకు కరెంటు పెట్టారు. తర్వాత గడ్డం లోపలికి లాగి పట్టుకోమన్నారు. ఆ తర్వాత, "గోడకి వీపు ఆనించండి. కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచండి. ముప్పై సెకన్లు అలాగే ఉండండి" అన్నారు. ఉన్నాను. తొడలు వణుకుతుంటే గుర్తొచ్చింది. ఇది గోడకుర్చీ! ఎనిమిదో తరగతిలో హోంవర్క్ చేయనందుకు లెక్కల మాస్టారు వారానికి మూడు రోజులు, పూర్తి పీరియడ్, ఉచితంగా వేయించింది. ఇప్పుడు సిట్టింగుకు 400 రూపాయలు. పైగా అయిపోగానే నేనే థాంక్స్ చెప్పాను.

న్యాయంగా తమరి తరఫు సాక్ష్యమూ వినాలి. జర్మనీలోని ఉల్మ్ పరిశోధకులు ఒక వాలంటీరు నడుములో, డిస్కు లోపల చిన్న సెన్సర్ పెట్టి, దాదాపు రోజంతా ఒత్తిడి కొలిచి 1999లో ప్రచురించారు. అతను కుర్చీలో వెనక్కి జారగిలబడినప్పుడు ఒత్తిడి, నిలబడినప్పటి దాంట్లో సుమారు సగమే. అదే కూర్చుని బాగా ముందుకు వంగితే ఒకటిన్నర రెట్లు దాటింది. కొలిచింది ఒక్క మనిషినే కాబట్టి వేదమనలేం. కానీ అది చదివాక మా తాత ఫొటో ముందు నిలబడి క్షమాపణ చెప్పుకున్నాను. పొద్దున్న పూట పడక కుర్చీలో వెనక్కి వాలి, పేపర్‌ని మొహానికి ఎదురుగా పట్టుకుని చదివేవాడు. సోమరి అనుకున్నాం. ఆయన పేపర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకునేవాడు. నేను కళ్లని ఫోన్ దగ్గరికి దింపుతున్నాను.

ఫిజియో ఇంకో మాట అన్నాడు. కర్రలా నిటారుగా కూర్చున్నా, రెండు గంటలు కదలకపోతే అదీ నొప్పేనట. అరగంటకోసారి లేవమన్నాడు. అలారం పెట్టుకున్నాను. అది ఫోన్లోనే ఉంది. మిగతాది తమరికి తెలుసు.

ఆషాఢంలో మా వీధిలో బోనాలు జరిగాయి. పక్కింటి అవ్వకి అరవై దాటాయి. తలమీద బోనం, దానిపైన దీపం, చుట్టూ వేపకొమ్మలు. చేతులు వదిలేసి నడుస్తోంది. మెడ చూడాలి, పైనుంచి దారం కట్టి లాగినట్టుంది. నేను రోడ్డు పక్కన వంగి ఆ దృశ్యాన్ని ఫోన్లో తీశాను. మర్నాడు పొద్దున చూస్తే అదే అవ్వ పొట్టి చీపురుతో వాకిలి ఊడుస్తూ, మధ్యలో ఆగి నడుం పట్టుకుంది. అమ్మవారికి ఒక్కరోజు, మిగతావన్నీ చీపురుకి. అప్పటికి ఊళ్లో నాట్లు కూడా మొదలయ్యాయి. బురదలో పొద్దున వంగినవాళ్లు సాయంత్రానికి లేస్తారు. వాళ్ల నడుం నొప్పిని ఎవరూ పోశ్చర్ సమస్య అనరు. పని అంటారు. వాళ్ల వరుసలో తమరి గురించి ఫిర్యాదు చేయడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

అయినా రోజూ గోడకి ఆనుకుంటున్నాను. గడ్డం లోపలికి లాగుతున్నాను. లాప్‌టాప్ కింద ఎంసెట్ పుస్తకాలు నాలుగు పెట్టాను, స్క్రీన్ కళ్ల ఎత్తుకు వచ్చింది. ఇన్నాళ్లకు అవి నాకు ఉపయోగపడ్డాయి. నెల తిరిగేసరికి తమరు కాస్త సర్దుకుని కూర్చున్నట్టు అనిపిస్తోంది కూడా.

అదే ఇప్పుడు చిక్కు. నిన్న చొక్కా ఇచ్చాడు టైలర్. ఇంట్లో వేసుకుని అద్దం ముందు నిటారుగా నిలబడ్డాను. వెనక ఇంచున్నర గుడ్డ సంచిలా ఉబ్బి వేలాడింది. మా ఆవిడ చూసి, "మామూలుగా నిలబడండి" అంది. నిలబడ్డాను. చక్కగా అతికింది. కుట్టుకూలి 700 ఇచ్చేశాం, పెళ్లి ఇంకా పదకొండు రోజులే ఉంది. కాబట్టి తమరు దయచేసి అప్పటిదాకా ఎక్కడికీ వెళ్లొద్దని మనవి. రిసెప్షన్ ఫొటోలు కూడా అయిపోనివ్వండి.

ఇట్లు,
తమరి అద్దె లేని ఇంటి ఓనరు