చెట్టు మొదలు కొలవని లెక్క ఎందుకండీ?

ఆదివారం పొద్దున్న నలుగురు వీధులు తిరిగొచ్చి, "మన కాలనీలో ఇన్ని చెట్లు" అని వాట్సాప్ గ్రూపులో ఒక అంకె పడేస్తారు. బోలెడు చప్పట్లు. రేపు వాటిలో ఓ వేపను ఎవరో కొట్టేస్తే అది ఎక్కడుండేదో, ఎంత లావుండేదో ఆ అంకెలో ఎక్కడుంది? అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. ఫిర్యాదుకు మాత్రం రుజువు కావాలి.

ముందు చెట్టు ఎక్కడుందో సరిగ్గా రాయండి. ఫోన్ జీపీఎస్‌ను నమ్మొద్దు. గుబురు కొమ్మల కింద, అపార్టుమెంట్ల సందుల్లో అది ఐదు పది మీటర్లు అలవోకగా తప్పుతుంది, మీ కానుగ ఎదురింటి వరండాలో మొలుస్తుంది. 2015 చెట్ల లెక్కలో న్యూయార్క్ వాలంటీర్లు వీధి మూల నుంచి దూరం కొలిచే చక్రం దొర్లించుకుంటూ వెళ్లి చెట్ల జాగా రాసుకున్నారు. మనకు 30 మీటర్ల టేపు చాలు: వీధి మొదట్లోని కరెంటు స్తంభం నుంచి దూరం, ఏ పక్క, ఏ ఇంటి ముందు.

చుట్టుకొలత నేల నుంచి 137 సెంటీమీటర్ల ఎత్తులో తీసుకోవాలి. ఒకరు నడుం దగ్గర, ఇంకొకరు భుజం దగ్గర కొలిస్తే వచ్చే ఏడు చెట్టు చిక్కిపోయినట్టు తేలుతుంది. 137 దగ్గర గీత గీసిన కర్ర ప్రతి జట్టుకూ ఇవ్వండి. అక్కడ బుడిపె ఉంటే కాస్త పైన కొలిచి, ఆ ఎత్తు కూడా రాయండి. 137 కంటే కిందే చీలిన చెట్టుకు ఒక్కో కాండం విడిగా కొలవాలి. దర్జీ టేపు 150 సెంటీమీటర్లే, ముదురు నిద్రగన్నేరుకు చాలదు. సాగని పురికొస చుట్టి, దాన్ని కొలవండి. ఒకరు చుట్టుకొలత, మరొకరు వ్యాసం రాస్తే తేడా మూడింతలు. ఎత్తు జోలికి మాత్రం పోకండి, ఇరుకు వీధుల్లో అది ఊహాగానమే.

పేర్ల దగ్గర మనవాళ్ల ధీమా చూడాలి! గోడ వెంట నిటారుగా పెరిగే ప్రతి చెట్టూ "అశోక" అయిపోతుంది. అది నరమామిడి. అసలు అశోకం నారింజ రంగు గుత్తులు పూస్తుంది. పూలు లేనప్పుడు ఎర్రగా పూసే తురాయి, పసుపుగా పూసే పెల్టోఫోరం ఒకేలా కనిపిస్తాయి, చిగురు మీద తుప్పు రంగు నూగుంటే పెల్టోఫోరం. తెలియకపోతే "తెలియదు" అని రాసి చెట్టు, బెరడు, ఆకు ఫొటోలు పెట్టండి.

అందరూ వదిలేసేది మొదలు చుట్టూ మట్టి. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఢిల్లీ విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. మన సీసీ రోడ్లు బెరడును ఒరుసుకునే పోతాయి. నీరు ఇంకదు, వేళ్లకు గాలి ఆడదు, గాలివానకు చెట్టు పడితే నింద చెట్టుకే. అందుకే ఎన్ని సెంటీమీటర్ల మట్టి మిగిలిందో ఒక గడిలో రాయండి. నంబరు రేకులకు మేకులు కొట్టే ఆలోచన ఉంటే మానుకోండి, నంబరు మ్యాపులో ఉంటే చాలు.

వానాకాలానికి ముందు కరెంటు వాళ్లు తీగల కింద కొమ్మలు కొట్టేస్తారు, ఫొటోలు అంతకుముందే తీయాలి. మళ్లీ కొలిచినప్పుడు పాత ఫైలు చెరపకుండా కొత్త తేదీతో వేరే ఫైలు తెరవండి.