ఏకగ్రీవంగా ఆమోదించడమైనది

మా ఊరి బడి తల్లిదండ్రుల కమిటీ సమావేశం మొన్న దాళ్వా నాట్లు వేస్తున్న మడిలో జరిగింది. మినిట్స్ పుస్తకంలో వేదిక 'పాఠశాల ఆవరణ' అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. కమిటీలో కనీసం ముప్పావు వంతు మంది, అంటే నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని దాని 21వ సెక్షన్ చెబుతోంది. బడి అభివృద్ధి ప్రణాళిక వాళ్లే వేయాలి, నిధుల ఖర్చు వాళ్లే చూడాలి. ఇంత బరువూ మా ఊళ్లో ఒక్క మోటారు సైకిలు మోస్తోంది.

బండి గట్టు మీద ఆగుతుంది. "అక్కా, సంతకం!" అని కేక. ఆవిడ నారుకట్ట వదిలేసి, బోదెలో చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వస్తుంది.

"దేనికి తమ్ముడూ?"

"మీటింగుకక్కా."

"ఎప్పుడు?"

"అయిపోయిందక్కా."

సంతకం పెడుతుంటే మోచేతి మీది బురద జారి కాగితం మీద పడుతుంది. ఆ పేజీలో నిజంగా జరిగింది ఆ మరకొక్కటే.

ఛైర్‌పర్సన్ ఆడమనిషే. కుర్చీలో కూర్చునేది మాత్రం వాళ్లాయన. పంద్రాగస్టుకి తాడు లాగేది ఆయన, చాక్లెట్లు పంచేది ఆవిడ. ఏకగ్రీవం అంటే ఒకే మెడ కదా, ఆ మెడ ఆయనది. 2024 ఆగస్టులో కమిటీ ఎన్నికల రోజున రెండు పార్టీల వాళ్లూ బడి గేటు దగ్గర చొక్కాలు చించుకున్నంత పని చేశారు. మళ్లీ ఆ గేటు దాటి లోపలికొచ్చినవాడు లేడు. ఈయనగారి అబ్బాయి పేరు మా బడి హాజరుపట్టీలో ఉంది, అబ్బాయి టౌన్లో కాన్వెంటులో ఉన్నాడు.

బడి తెరిచిన జూన్‌లోనే నీళ్ల మోటారు కాలిపోయింది. ఏడు నెలలైంది. ఆడపిల్లలు పొద్దున్నే నీళ్లు తాగడం మానేశారు. మా అమ్మాయి సాయంత్రం గుమ్మంలో సంచి పడేసి దొడ్లోకి పరిగెడుతుంది, చెప్పులు కూడా విప్పదు. ఏడు తీర్మానాల్లోనూ 'మరుగుదొడ్ల నిర్వహణ సంతృప్తికరం' అని రాశారు. ఎవడికిరా సంతృప్తి? పదేళ్ల పిల్ల పొద్దుట్నుంచీ కడుపు బిగబట్టుకుని కూర్చుంటే మీకు సంతృప్తా?

నేనూ సభ్యుణ్ణే. అందులో ఆరు సంతకాలు నావి. ఏడోసారి పుస్తకం లాక్కుని, మోటారు సంగతి రాస్తానన్నాను.

"వద్దన్నా," అన్నాడు బండి కుర్రాడు. "కొట్టివేతలుంటే ఆడిట్లో పట్టుకుంటారు."