నవ్వులపాలవుతున్నది ఎవరు?

ఆ కుర్రాడికి పదిహేడేళ్లు. అమెరికాలో చదువుకుంటున్న భారత సంతతి విద్యార్థి. ‘ది సింప్సన్స్’ అనే కార్టూన్ సీరియల్ అతను ఎప్పుడూ చూడలేదు. అయినా అందులోని అపు ఎవరో, ఎవరినైనా ఆ పేరుతో పిలిస్తే దాని అర్థమేమిటో అతనికి తెలుసు. అపు పాత్రకు మూడు దశాబ్దాల పాటు గొంతునిచ్చిన నటుడు హాంక్ అజారియా తన కుమారుడి బడికి వెళ్లినప్పుడు ఈ విద్యార్థితో మాట్లాడారు. ఆ పేరు దాదాపు తిట్టుగా మారిపోయిందని 2021 ఏప్రిల్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో ఆయనే ఒప్పుకొన్నారు. అమెరికాలోని భారతీయులందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకోవాలని ఒక్కోసారి అనిపిస్తోందన్నారు. హాస్యం మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ‘నచ్చకపోతే చూడకండి’ అనే సలహా వినిపిస్తుంది. చూడని పిల్లవాడిని కూడా వెంటాడిన ఆ నవ్వు ముందు ఈ సలహా ఎందుకూ కొరగాదని మా అభిప్రాయం.

అపు 1990లో తెరమీదికి వచ్చాడు. చిన్న కొట్టు నడుపుకునే వలసజీవి. నహసపీమపెటిలాన్ అని మన దేశంలో ఎక్కడా వినని ఇంటిపేరు తగిలించారు. ‘థాంక్యూ, కమ్ ఎగైన్’ అని సాగదీసి పలికే యాస పెట్టారు. ఆ పాత్రలో మంచి లేదని మేము అనడం లేదు. అతను కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు, శాకాహారి, ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాడు. రచయితలు కొంత ఇష్టంతోనే అతన్ని రాశారనిపిస్తుంది. కానీ బడిపిల్లలు పట్టుకున్నది అతని డాక్టరేట్‌ను కాదు, యాసను. అదే సీరియల్‌లో హోమర్ సింప్సన్ అంతకంటే పెద్ద వెర్రిబాగులవాడు. అతన్ని చూసి తెల్లవాళ్లంతా ఇంతేనని ఎవరూ అనుకోరు. చానల్ మారిస్తే తెల్ల డాక్టరు, తెల్ల లాయరు, తెల్ల పోలీసు కనిపిస్తారు కదా! ఆ రోజుల్లో అమెరికా టీవీలో ఎన్ని చానళ్లు తిప్పినా మరో భారతీయుడు కనిపించడం గగనం. ఉన్న ఒక్కడికీ గొంతు మనవాళ్లది కాదు.

దీన్ని నిలదీసినవాడు తెలుగు కుటుంబంలో పుట్టిన హరి కొండబోలు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టిన ఆయన స్వయంగా స్టాండప్ కమెడియన్. నవ్వించడమే వృత్తిగా ఎంచుకున్న మనిషి, అందులోనూ చిన్ననాటి నుంచి ఆ సీరియల్‌కు అభిమాని. 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీశారు. నటుడు కాల్ పెన్, అమెరికాలో ప్రజారోగ్యానికి ప్రధాన ప్రతినిధి అయిన సర్జన్ జనరల్‌గా పనిచేసిన వివేక్ మూర్తి వంటివారు అందులో మాట్లాడారు. అంత ఎత్తుకు ఎదిగినవాళ్లకూ బడిలో పడ్డ వెక్కిరింపులు గుర్తున్నాయి. హరికి ప్రశంసలతో పాటు బెదిరింపులూ వచ్చాయి. సీరియల్ నిర్మాతలు 2018 ఏప్రిల్‌లో ఒక భాగంలో దీనికి జవాబిచ్చారు. దశాబ్దాల కిందట అందరూ మెచ్చినదాన్ని ఇప్పుడు తప్పంటే ఏం చేస్తామన్నట్టు హోమర్ కూతురు లిసా పాత్ర చేత అనిపించి చేతులు దులుపుకొన్నారు. అజారియా మాత్రం విన్నారు. రచయితల బృందంలో దక్షిణాసియావాళ్లు ఉండాలన్నారు. 2020 జనవరిలో తాను ఇక అపుకు గొంతు ఇవ్వనని ప్రకటించారు. తెల్లవారు కాని పాత్రలకు తెల్ల నటుల చేత గొంతు చెప్పించబోమని అదే ఏడాది జూన్‌లో నిర్మాతలూ ప్రకటించారు. ముప్పై ఏళ్లు పట్టింది.

మనవాడు గెలిచాడని సంబరపడి ఊరుకుంటే మాత్రం ఈ కథ మనకు సగమే అర్థమైనట్టు. మన తెర సంగతేమిటి?

దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో హీరో కృష్ణా, గుంటూరు జిల్లాల భాష మాట్లాడాడు. తెలంగాణ మాట రౌడీకో, రౌడీ పక్కన నిలబడే బంటుకో, దెబ్బలు తిని పారిపోయే కమెడియన్‌కో దక్కింది. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో కాశయ్య పాత్రను కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో పండించి ప్రేక్షకుల చేత ఔరా అనిపించారు. అది ఒక మహానటుడి ప్రతిభ, అందులో ఆయన తప్పేమీ లేదు. తప్పు ఆ తర్వాత జరిగింది. ఆ యాసకు మరో పని ఉండొచ్చన్న ఊహే పరిశ్రమకు చాలాకాలం రాలేదు. కోపం, ప్రేమ, పాండిత్యం, అమ్మ లాలింపు ఆ భాషలోనూ ఉంటాయని తెర ఒప్పుకోలేదు. కాలేజీలో నోరు తెరవగానే సినిమా డైలాగు అప్పజెప్పి నవ్విన తోటివాళ్ల మధ్య ఎందరో తెలంగాణ పిల్లలు తమ మాటను మింగేశారు. ఇంటి దగ్గర ఒక భాష, హాస్టల్లో మరో భాష అలవాటు చేసుకున్నారు. తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలతో పాటు ఈ అవమానమూ ఎందుకంత బలంగా పలికిందో ఆ పిల్లలను అడిగితే తెలుస్తుంది.

ఆ యాస సొంతగొంతుతో మాట్లాడినప్పుడు ఏం జరిగిందో కూడా చూశాం. సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చి, చిన్నచిన్న హాస్యపాత్రలు వేసుకుంటూ వచ్చిన వేణు యెల్దండి 2023 మార్చిలో ‘బలగం’ తీశారు. ముసలాయన పిండాన్ని కాకి ముట్టడం లేదన్నదే అందులో సమస్య. ఆ కాకి చుట్టూ జనం పడే అవస్థ చూసి నవ్వుతాం, ఆ ఇంటి మనుషుల మధ్య పగలు చూసి కలత పడతాం, చివర్లో బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే ఏడుస్తాం. ఊళ్లలో తెరలు కట్టి జనమంతా కలిసి చూశారు. అక్కడ నవ్వించింది యాస కాదు, ఆ యాసలో బతికే మనుషుల స్వభావం. నవ్విన నాపచేనే పండిందంటే ఇదే.

కానీ ఆ పంట అందరి ఇళ్లకూ చేరలేదు. శ్రీకాకుళం, విజయనగరం మాట ఇప్పటికీ అమాయకపు నౌకరు నోటనే ఎక్కువగా వినిపిస్తోంది. లంబాడా స్త్రీ అంటే అద్దాల రవికె వేసుకుని ఒక పాటలో వచ్చిపోయేది. నేపాలీ అంటే లాఠీ పట్టుకుని ‘షాబ్’ అని సెల్యూట్ కొట్టే గూర్ఖా, దొంగలు వచ్చినప్పుడు నిద్రపోయేవాడు. ఈశాన్య రాష్ట్రాలవారు హైదరాబాద్‌లో సెలూన్లలో, హోటళ్లలో, ఆస్పత్రుల్లో మన మధ్యే పనిచేస్తున్నారు. మన సినిమాలో వారికి ఆ నౌకరు పాత్ర కూడా లేదు, వీధిలో మాత్రం కళ్ల మీద, ముక్కు మీద జోకులు సిద్ధంగా ఉంటాయి.

జోకే కదా అంటారు. 2014 జనవరిలో ఢిల్లీలోని లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా జుట్టునూ రూపాన్నీ చూసి దుకాణం దగ్గర వెక్కిరించారు. అతను ఎదురుతిరిగాడు, కొట్టారు, మర్నాడు చనిపోయాడు. ఆ తర్వాత కేంద్రం వేసిన బెజ్‌బరువా కమిటీ జాతి వివక్షతో చేసే అవమానాలను శిక్షించేలా చట్టాన్ని సవరించాలని సూచించింది. 2020లో కరోనా వచ్చినప్పుడు అవే ముఖాలను చూసి ‘కరోనా’ అని అరిచినవాళ్లూ జోకే వేశామన్నారు.

మరో మాట కూడా చెప్పాలి. వెక్కిరింపు పడ్డవాడు తరచూ తానూ నవ్వుతాడు. ఉత్తరాది హాస్టళ్లలో, అమెరికా క్యాంపస్‌లలో ‘గుల్టీ’ అని పిలిపించుకున్న తెలుగు విద్యార్థులకు ఈ నవ్వు బాగా తెలుసు. ముఖం ముడుచుకుంటే ‘జోకు కూడా అర్థం చేసుకోలేవా’ అని రెండో జోకు పడుతుంది. అందుకే పళ్లబిగువున నవ్వేస్తారు. వాళ్లు కూడా నవ్వుతున్నారు కదా అని వాదించేవారు ఆ నవ్వును కాస్త దగ్గరగా చూడాలి.

సర్దార్జీ జోకులను ఆపాలంటూ 2015లో ఒక సిక్కు మహిళా న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. మధ్యాహ్నం పన్నెండు కొట్టిందంటే సర్దార్జీకి మతిపోతుందని దేశమంతా నవ్వే జోకు ఉంది కదా, దాని వెనుక సిక్కులు చెప్పుకునే కథ వేరు. నాదిర్షా సేనలు చెరపట్టి తీసుకుపోతున్న స్త్రీలను విడిపించడానికి తమ పూర్వీకులు అర్ధరాత్రి పన్నెండు గంటలకు దాడి చేసేవారని వారి పెద్దలు చెబుతారు. తమ సాహసమే తమకు ఎగతాళిగా తిరిగి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. అయినా 2017 ఫిబ్రవరిలో కోర్టు, పౌరులకు నైతిక మార్గదర్శకాలు తాము నిర్దేశించలేమంది. ఆ తీర్పు సరైనదేనని మేము భావిస్తున్నాం. ఏ జోకు వేయాలో, ఏది వేయకూడదో పోలీసు స్టేషన్‌లో తేల్చే రోజు వస్తే ముందుగా నోరు మూతపడేది బలహీనులదే. మనోభావాలు దెబ్బతిన్నాయంటూ థియేటర్ల మీద పడే మూకలకు మేము మద్దతు పలకం.

కాబట్టి బాధ్యత రాసేవారిదీ తీసేవారిదీ. హాస్యం మానమని ఎవరూ అడగడం లేదు. మనుషుల పిసినారితనం మీద, అధికారుల అహంకారం మీద, పెళ్లిళ్ల ఆర్భాటం మీద రాయడానికి ఇంకా ఎంతో మిగిలి ఉంది. శ్రీకాకుళం పాత్ర రాస్తే ఆ మాటలను ముందు శ్రీకాకుళం మనిషి చేత చదివించండి. లంబాడా పాత్ర ఉంటే తండా నుంచి వచ్చిన నటికి ఇవ్వండి. నేపాలీ కాపలాదారు కావాలనుకుంటే అతనికి ఒక పేరూ, ఊరూ, ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలూ ఉండనివ్వండి. సెట్లో ఆ నటుడో నటో ‘ఈ మాట వద్దు సార్’ అంటే, ఆ డైలాగు తీసేయండి.