సూది సంగతి నన్నెవరూ అడగలేదు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ కార్లు ఆగిపోవు. అన్నీ కొత్తవి, అన్నీ పెద్దవి, అన్నీ ఏడు సీట్లవి, ఇంకా వాయిదాలు తీరనివి. అందుకే మా ఆయన పాత స్పోర్ట్స్ కారు నడిరోడ్డు మీద ఆగిపోయిందన్న కబురు వాట్సాప్ గ్రూపులో పడగానే అందరికీ ఎక్కడలేని హుషారు వచ్చింది. అద్దం తుడిచే నీళ్ళు పోయడానికి తప్ప బానెట్ ఎత్తి ఎరగని మహానుభావులంతా ఒక్కసారిగా ఇంజిన్ డాక్టర్లయిపోయారు.

ముందు ఆ కారు గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1992 మోడలు, జపాన్ బండి. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, స్విచ్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. గేర్లు మనమే వేసుకోవాలి. మాకు పిల్లలు ఇద్దరు. ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు, రెండు సీట్లు, ఈ లెక్క కుదరదని కొనకముందే చెప్పాను. "వీకెండ్‌లో సరదాగా తిరగడానికే కదా" అన్నారు. డిక్కీలో 20 పౌండ్ల సోనా మసూరి సంచి పెడితే పక్కన కొత్తిమీర కట్టకు చోటుండదు. సీటు నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, చీర కట్టుకుని అందులోంచి దిగడానికి విడిగా యోగాసనం నేర్చుకోవాలి. అయినా ఓర్చుకుంటాను. ఆ స్టీరింగు పట్టుకుంటే మా ఆయన మొహంలో కాలేజీ రోజుల కళ వస్తుంది. క్రెడిట్ కార్డు బిల్లు వచ్చేదాకా ఉంటుంది కూడా.

జూలైలో ఒక శనివారం సాయంత్రం పిల్లల్ని పక్కింట్లో వదిలి ఫ్రిస్కోలో ఉన్న కార్యసిద్ధి హనుమాన్ గుడికి బయల్దేరాం. బయట 103 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో. మన లెక్కలో నలభైకి కాస్త తక్కువ. నా ఒళ్ళో పులిహోర డబ్బా. ప్రెస్టన్ రోడ్డు మీద సిగ్నల్ దాటి మూడో గేరులో హాయిగా పోతున్నాం. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. దగ్గలేదు, కుదపలేదు, పొగ రాలేదు. తాళం తీసేస్తే ఆగుతుంది చూడండి, అంతే.

ఆ క్షణంలో నా కళ్ళు మీటర్ల మీదున్నాయి. మా ఆయన ఎంత స్పీడులో పోతున్నారో చూడటం ఆ బండిలో నా డ్యూటీ. స్పీడు సూది నలభై దగ్గరే ఉంది. దాని పక్కన ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే సూది ఇంకోటి ఉంటుంది కదా, అది మాత్రం టపీమని సున్నా మీద పడిపోయింది. బండి ఇంకా గేరులోనే ఉంది, దొర్లుతూనే ఉంది. ఆయన క్లచ్ తొక్కింది ఆ తర్వాత.

"ఏమండీ, ఆ సూది ముందే పడిపోయింది" అన్నాను.

"ఇప్పుడు సూదులూ దారాలూ ఏమిటి, వెనక ఎవరైనా వస్తున్నారేమో చూడు" అన్నారు.

స్టీరింగు బిగుసుకుపోయింది. బ్రేకు మొదట బాగానే పడింది గానీ, రెండు మూడు తొక్కులయ్యాక మొండికేసింది. ఇంజిన్ ఆగాక బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఆ కాస్తే మిగులుతుంది మరి. ఎలాగో దొర్లుకుంటూ ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లోకి చేరాం. తాళం తిప్పితే స్టార్టర్ కర్ర్ కర్ర్ మంటూ బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. మా ఆయన బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డారు. ఎందుకు చూస్తున్నారో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఆ తర్వాత ఫోటో తీసి గ్రూపులో పెట్టారు.

మొదట వచ్చింది జంపర్ కేబుల్స్ అన్నయ్యగారు. ఆ కేబుల్స్ కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి, పాపం ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నారో. కారు దిగకముందే "బ్యాటరీ" అని తేల్చేశారు. స్టార్టర్ అంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీ పోయిందని ఎలా అంటారని అడిగాను. "పాత బండ్ల సంగతి నీకు తెలీదు చెల్లెమ్మా" అన్నారు. తగిలించారు, తిప్పారు. స్టార్టర్ ఇంకొంచెం జోరుగా తిరిగింది. ఇంజిన్ ఇంతకుముందు ఎలా స్టార్ట్ కాలేదో అలాగే స్టార్ట్ కాలేదు.

రెండో మనిషి నాకు వరసకి మరిది, డేటాబేస్‌ల ఉద్యోగం. "ఒకసారి అన్నీ ఆపి మళ్ళీ ఆన్ చేద్దాం వదినా" అని బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, కాసేపాగి బిగించాడు. ఆ కాలం బండ్లలో కంప్యూటర్ తను పసిగట్టిన లోపాలను కోడ్ల రూపంలో గుర్తుపెట్టుకుంటుంది. బ్యాటరీ తీసేస్తే ఆ జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. ఇంజిన్ పోతూ పోతూ ఏదైనా మరణ వాంగ్మూలం రాసిపెట్టుకుందేమో, మా మరిది దాన్ని శుభ్రంగా తుడిచేశాడన్నమాట. ఈ సంగతి మాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికైతే అందరం మెచ్చుకున్నాం.

మూడో ఆయన యూట్యూబ్ చదువరి. ఎవరికీ చెప్పకూడని రోగం పేరు చెప్పే గొంతుతో "టైమింగ్ బెల్టేమో" అన్నారు. మా ఆయన మొహం పాలిపోయింది. ఇంజిన్ కింది భాగాన్నీ పైన కవాటాల్నీ ఒకే తాళంలో నడిపించే రబ్బరు బెల్టు అది. తెగితే కొన్ని ఇంజిన్లు ఊరికే ఆగిపోతాయి. కొన్నింట్లో పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకుని ఉన్న కవాటాలను గుద్ది వంచేస్తాయి. అప్పుడిక బాగుచేయించే ఖర్చులో ఇంకో కారు కొనుక్కోవచ్చు. మనది ఏ రకమని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు.

చూడటం తేలికేనట. ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి లోపలికి లైటు వేసి, స్టార్టర్ తిప్పినప్పుడు కవాటాల్ని తెరిచే ఇరుసు, అదే క్యామ్ షాఫ్ట్, కదులుతోందా లేదా చూడాలి. కదిలితే బెల్టు క్షేమం. ఎవరు వంగాలి? మగవాళ్ళందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియో తీయాలి కదా. నేనే వంగాను. ఆయన తాళం తిప్పారు. తేనె రంగు నూనెలో తడిసిన, కోలగా ఉన్న ఒక ఇనుప ముక్క మెల్లగా పైకొచ్చి, మెరిసి, కిందికి దిగి, మళ్ళీ వచ్చింది. దాంతోపాటు ఒక నూనె చుక్క ఎగిరి సరిగ్గా నా మంగళగిరి చీర పమిట మీద పడింది. "తిరుగుతోంది" అన్నాను. అందరూ హమ్మయ్య అన్నారు. చీర సంగతి అడిగినవాళ్ళు లేరు.

"బెల్టు కాదు, ఇంకేమిటి మరి?" అని చర్చ మొదలైంది. అదే అదనుగా, "ఆ సూది ముందే..." అని ఎత్తుకున్నాను. అత్తయ్య వీడియో కాల్ వచ్చింది.

తెనాలిలో అప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర. అత్తయ్యకి ఆ టైమంటే సగం పనులు అయిపోయినట్టే. కొడుకు అంత అందమైన ఎర్ర కారు వేసుకుని ఊరేగుతుంటే దిష్టి తగలక ఏమవుతుందని ఆవిడ వాదన. అక్కడున్న నలుగురు ఇంజినీర్లలో ఏ ఒక్కరూ కాదనలేదు. ఒకాయన వెళ్ళి పక్క షాపులో నిమ్మకాయలు కొనుక్కొచ్చారు. ఒక్కటి ఇవ్వరు కదా, సంచెడు.

నాలుగో ఆయనకి నిజంగానే కాస్త పని తెలుసు. పెట్రోలు పంపుకి కరెంటు వదిలే చిన్న స్విచ్ డబ్బా, అంటే రిలే, పోయిందేమోనని, అదే సైజులో ఉన్న హారన్ రిలే పీకి దాని స్థానంలో పెట్టారు. మంచి ఉపాయమే, ఒప్పుకుంటాను. కాకపోతే ఇందాకటి నుంచి స్టార్టర్ తిప్పినప్పుడల్లా పొగగొట్టం దగ్గర పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటోంది. పంపు పనిచేయకపోతే ఆ పెట్రోలు ఎక్కడి నుంచి వస్తోందని అడిగాను. "ఒక్క నిమిషం చెల్లెమ్మా" అన్నారు. తాళం తిప్పారు. ఇంజిన్ బుర్రుమని అందుకుంది!

చప్పట్లు, ఈలలు. రిలే ఆయన చొక్కా సర్దుకున్నారు. అత్తయ్య ఫోన్లోంచే దణ్ణం పెట్టి, నిమ్మకాయ మహిమ అన్నారు. రీసెట్ ప్రభావం కాస్త ఆలస్యంగా కనపడుతుందని మరిది అన్నాడు. కేబుల్స్ అన్నయ్యగారు బ్యాటరీకి బలం పట్టడానికి టైము పడుతుందన్నారు. ముప్పావుగంట బానెట్ తెరిచి ఉంచడం వల్ల లోపల ఏదో చల్లబడి ఉంటుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇంత కష్టపడ్డారు కదా అని డబ్బా మూత తీశాను. హనుమంతుడి పులిహోర పార్కింగ్‌లోనే అయిపోయింది.

పాడైందనుకున్న రిలే హారన్ గూట్లోకి పోకుండా మా ఆయన జేబులోకి పోయింది. అంటే బండికిక హారన్ లేదు. హైదరాబాద్‌లో అయితే సందు మలుపు దాటకముందే తెలిసిపోయేది. హారన్ లేని కారుని అక్కడ ఇంటి ముందు నుంచి కదిలించడం కూడా కష్టం. ఇక్కడ మాకు ఆ లోటే తెలియలేదు.

మళ్ళీ ఎండ మండిన రోజు బండి మళ్ళీ ఆగింది. అదే తీరు, అదే సూది. ఈసారి మా ఆయన గ్రూపులో పెట్టకుండా టో ట్రక్కుని పిలిచారు. గరాజ్ వాకిట్లో దింపి తాళం తిప్పగానే, పెళ్లిచూపులకి కూర్చోబెట్టిన పిల్లలా బుద్ధిగా, మొదటి తిప్పుకే స్టార్టయింది. కుర్ర మెకానిక్ చేతిలో స్కానర్ పట్టుకుని డాష్‌బోర్డు కింద దూరాడు. దాన్ని గుచ్చే సాకెట్ కోసం వెతికాడు, వెతికాడు. అమెరికాలో ఆ సాకెట్ అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి అయింది 1996 మోడళ్ళ నుంచి. ఈ బండి అంతకన్నా ముందుది, ఆ కుర్రాడు పుట్టకముందుది కూడా. దీనికి బానెట్ కింద రెండు పిన్నుల మధ్య వైరు ముక్క పెట్టి, ఇంజిన్ లైటు ఎన్నిసార్లు మినుకుమంటుందో లెక్కపెట్టుకోవాలి. లోపలి నుంచి ఒక మెక్సికన్ పెద్దాయన వచ్చి ఆ వైరు పెట్టారు. లైటు ఏ కోడూ చెప్పలేదు. ఈమధ్య బ్యాటరీ ఎవరైనా తీశారా అని అడిగారు. మా ఆయన పైకప్పు వైపు చూశారు.

అప్పుడాయన అడిగారు: "ఆగిపోయినప్పుడు ఆ సూది ఏం చేసింది?"

మా ఆయన మెల్లగా తల తిప్పి నా వైపు చూశారు. పెళ్ళయిన నాటి నుంచి నేను ఎదురుచూస్తున్న చూపు అది. తొందరపడలేదు. చీర సర్దుకుని, స్పీడు సూది ఎక్కడుందో, రెండో సూది ఎప్పుడు పడిందో, క్లచ్ ఎప్పుడు తొక్కారో, పెట్రోలు వాసన ఎక్కడొచ్చిందో వరసగా చెప్పాను. పెద్దాయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అలా వినే మగవాళ్ళు కూడా ఉంటారు.

సంగతేమిటంటే, బండి గేరులో ఉండి దొర్లుతున్నంతసేపూ చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. పెట్రోలు అందక ఆగితే ఆ సూది బండి వేగంతోపాటు నిదానంగా దిగాలి. ఇంజిన్ తిరుగుతూనే ఉన్నా సూది టపీమని పడిందంటే దానికి కబురు అందడం ఆగిపోయింది. ఇలాంటి బండ్లలో ఆ కబురు వచ్చేది ఇగ్నిషన్ నుంచి. పైగా పెట్రోలు వాసన, అంటే పెట్రోలు వస్తోంది, మండట్లేదు. రెండూ ఒకే చోటు చూపిస్తున్నాయి: నిప్పురవ్వ.

కాయిల్ దగ్గర అరచేతిలో పట్టే ఒక డబ్బా ఉంది. ఇగ్నైటర్ అంటారు. కాయిల్‌కి వెళ్ళే కరెంటుని క్షణక్షణం ఆపుతూ వదులుతూ ఉండటం దాని పని. అలా ఆపినప్పుడల్లా కాయిల్లో వేల వోల్టులు పుట్టి ప్లగ్గుల్లో రవ్వ రాలుతుంది. ముసలిదైతే వేడికి చేతులెత్తేస్తుంది, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. పెద్దాయన ఇంజిన్ నడుస్తుండగానే దాని మీద హీట్ గన్ పెట్టారు. అందరం సూది వైపు చూస్తున్నాం. కాసేపటికి టప్! సూది సున్నా, ఇంజిన్ నిశ్శబ్దం. దాని మీద ఐసు సంచి పెట్టి కొంతసేపాగి తిప్పితే, బుర్రు.

కొత్తది వేసేటప్పుడు పాతదాని అడుగున పూసిన పేస్టు ఎండి పొడి రాలడం మా ఆయన కంట పడింది. "థర్మల్ పేస్ట్! కంప్యూటర్ ప్రాసెసర్ కింద రాసేదే కదా!" అని గరాజ్ అదిరేలా అరిచారు. వేడిని కింది లోహంలోకి పంపించాల్సింది అదే. ఆ సాయంత్రం గ్రూపులో "మొత్తానికి థర్మల్ సమస్య అని కనిపెట్టాం" అని పోస్టు పెట్టారు. ఆ బహువచనంలో నేనూ ఉన్నానని సరిపెట్టుకున్నాను. పాడైందనుకున్న ఆ రిలే వాషింగ్ మెషీన్లో, ఆయన ప్యాంటు జేబులో దొరికింది. ఉతికినా పనిచేస్తోంది.

అయితే ఇలాంటివి ఎలా పొక్కుతాయో గానీ, మొన్న రాత్రి మరిది ఫోన్ చేసి "అన్నయ్యకి కాదు, వదినకివ్వండి" అన్నాడు. ఆఫీసు నుంచి వస్తూ దారి మధ్యలో కారు ఆగిపోయిందట.

గొంతు సవరించుకుని, "ఆగినప్పుడు సూది ఎక్కడుంది?" అన్నాను.

"ఎలక్ట్రిక్ కారు వదినా. సూదీ లేదు, ఇంజినూ లేదు."

ఏం చెప్పను? అంతా ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాను. స్టార్టయిందట.