సవరణ: లెగ్ వైస్ చీల ఎక్కడ పెట్టాలి

పాతకాలపు వడ్రంగి బల్లల లెగ్ వైస్ (పలకను చెక్క దవడతో బల్లకాలికి నొక్కిపట్టే బిగింపు) గురించి మొన్న రాస్తూ, దవడ కింది నుంచి కాలిలోకి దూరే అడుగు పట్టీలో చీలను ఎప్పుడూ దవడకు దగ్గరి బెజ్జంలోనే పెట్టమన్నాను. అది తప్పు. అలా పెడితే మందపాటి పలక బిగించినప్పుడు దవడ కింద లోపలికి, పైన బయటికి వాలుతుంది. పలక పై అంచుకు పట్టు చిక్కదు, చిత్రిక పట్టగానే కదులుతుంది. 25 మిల్లీమీటర్ల పలకకు చీలకూ దవడకూ మధ్య ఖాళీ అంతకన్నా కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడు దవడ పైభాగమే ముందు కరుస్తుంది. నా మాట నమ్మి మార్చినవాళ్లు దయచేసి సరిచేసుకోండి.

వైస్ లేకపోతే పలక నిలబడదన్నట్టు రాయడమూ సరికాదు. 18వ శతాబ్దపు ఫ్రెంచి వడ్రంగి రూబో గీసిన బల్లకు ఎడమ అంచున పలక చివరను ఆపే చెక్క కొక్కెం ఉంటుంది, కాళ్ల బెజ్జాల్లో ఇనుప హోల్డ్‌ఫాస్ట్ (పలకను నొక్కిపట్టే వంపు తిరిగిన కడ్డీ) దిగ్గొడతారు. పొడవాటి పలకల అంచు చదును చేయడానికి అవి చాలు.