సోర్స్ రూటింగ్ ఆపేశారు సరే, ఎక్కడ ఆపారు?

పోయిన వారం ఒక ఆడిట్‌లో కూర్చున్నాను. ఎక్సెల్ షీట్‌లో ఒక ప్రశ్న: "సోర్స్ రూటింగ్ ఆపేశారా?" మా కుర్రాడు టిక్ పెట్టాడు, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. అదే నెట్‌వర్క్‌లో మూడు నెలల కిందట ఎస్‌ఆర్‌వీ6 పెట్టారు, అంటే ఐపీవీ6 మీద నడిచే సెగ్మెంట్ రూటింగ్, ప్యాకెట్ ఏయే మజిలీల మీదుగా పోవాలో దాంట్లోనే రాసి పంపే పద్ధతి. అదీ సోర్స్ రూటింగే! గదిలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మామూలుగా ప్యాకెట్ ఎటు పోవాలో దారిలోని రౌటర్లే చూసుకుంటాయి. సోర్స్ రూటింగ్‌లో పంపేవాడే, ఆటో ఎక్కి "ఈ సందులోంచి పోనీ అన్నా" అన్నట్టు, దారి రాసి పంపుతాడు. 1981 నాటి ఐపీ ప్రమాణంలోనే ఇది ఉంది.

దీని విలువ నాకు ఒక రాత్రి తెలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి వాయిస్ కాల్స్ తెగిపోతున్నాయి. ప్యాకెట్ ఏ రౌటర్ల మీదుగా పోతోందో చూపించే ట్రేస్‌రూట్ మా వైపు నుంచి శుభ్రంగా ఉంది. కానీ ప్యాకెట్ పోయిన దారినే తిరిగి రావాలని ఎక్కడా లేదు కదా. ఫలానా రౌటర్ మీదుగా పంపి చూడగలిగితే చాలు, తేడా ఎక్కడో పట్టేసేవాళ్లం. ట్రేస్‌రూట్‌లో అందుకు ఆప్షన్ కూడా ఉంది. ఏం లాభం, అలాంటి ప్యాకెట్లను దారిలోనే పడేస్తున్నారు. అవతలి ఇంజినీర్‌ని నిద్రలేపి అటు నుంచి ట్రేస్ తీయించేసరికి తెల్లారిపోయింది.

అయినా పడేసేవాళ్లది తప్పని నేను అనను. 1989లోనే సెక్యూరిటీ పరిశోధకుడు స్టీవ్ బెల్లోవిన్ ఈ ప్రమాదం గురించి రాశారు. దొంగ, మనం నమ్మే మెషిన్ అడ్రస్ పెట్టుకుని, దారిలో తన పేరు కూడా చేర్చి ప్యాకెట్ పంపుతాడు. మన సర్వర్ అదే దారిని తిరగేసి జవాబిస్తుంది. జవాబు నేరుగా వాడి చేతికే! అడ్రస్ చూసి పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిచ్చే ఆర్‌లాగిన్ రోజులవి.

ఇంత తెలిసీ ఐపీ కొత్త వెర్షన్ ఐపీవీ6లో మళ్లీ అదే పెట్టారు, దారి రాయడానికి ప్యాకెట్‌లో ఒక హెడర్ ఇచ్చి. 2007లో ఫిలిప్ బియోండి, ఆర్నో ఎబలార్ అనే పరిశోధకులు దాని సంగతి బయటపెట్టారు. 1500 బైట్ల ప్యాకెట్‌లో దాదాపు 90 అడ్రసులు పడతాయి. రెండు రౌటర్ల అడ్రసులే మార్చి మార్చి రాస్తే ఒక్క ప్యాకెట్ వాటి మధ్య అన్నిసార్లూ తిరుగుతుంది, మధ్యలో లింక్ నిండిపోతుంది. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ హెడర్‌ని రద్దు చేశారు.

నా దృష్టిలో తప్పు దారి రాయడంలో లేదు, ముక్కూ మొహం తెలియనివాడు రాసిన దారిని మన రౌటర్ పాటించడంలో ఉంది. సొంత నెట్‌వర్క్ లోపల సెగ్మెంట్ రూటింగ్ నిజంగా గొప్ప వసతి. లింక్ తెగితే ట్రాఫిక్ చిటికెలో పక్కదారి పడుతుంది, ప్రతి దారినీ మధ్య రౌటర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కానీ 2020లో వచ్చిన ఎస్‌ఆర్‌వీ6 హెడర్ ప్రమాణమే, బయటి నుంచి వచ్చే అలాంటి ప్యాకెట్లను ఆపడానికి సరిహద్దులో ఫిల్టర్ పెట్టమంటోంది. మనవాళ్లు ఫీచర్ ఆన్ చేస్తారు, ఫిల్టర్ "నెక్స్ట్ ఫేజ్"లో అంటారు. ఎప్పుడొస్తుందండీ ఆ ఫేజ్?

ఆడిట్‌లో అడగాల్సింది "ఆపేశారా" అని కాదు. బయటి నుంచి మా లోపలి సెగ్మెంట్ అడ్రస్‌కి ప్యాకెట్ పంపితే పడిపోతోందా, ఎవరు పంపి చూశారు, ఎప్పుడు చూశారు అని అడగాలి.

ఆ సాయంత్రమే మా కుర్రాడిని కూర్చోబెట్టి, ఒక కస్టమర్ పోర్ట్ నుంచి 10 ప్యాకెట్లు పంపించాను. లోపలి రౌటర్‌లో వచ్చిన ప్యాకెట్లను లెక్కపెట్టే కౌంటర్ సరిగ్గా 10 పెరిగింది. ఇద్దరం కలిసి బయటి పోర్టులన్నీ లెక్కపెట్టాం. మొత్తం 14. ఫిల్టర్ ఉన్నవి 11.