టీఆర్పీ మీటరు దొరవారికి, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట నుంచి

దొరవారికి దండాలు.

దేశమంతా కలిపి యాభై వేల పైచిలుకు ఇళ్లలో కొలువుండి, కోట్ల ఇళ్లు ఏం చూస్తున్నాయో తేల్చేస్తారు మీరు. ఏ ఇంట్లో ఉన్నారో గుట్టు. చానెల్ తన శబ్దంలో చెవికి ఆనని గుర్తు కలిపి పంపుతుంది, మీరు పట్టేస్తారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఎవరి బొత్తాం వాళ్లు నొక్కాలి. తాత కునుకు తీసినా ఆయన బొత్తాం మేలుకునే ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు వెయ్యగానే ముందు తామే కనబడాలని చానెళ్లు కేబులు వాళ్లకు డబ్బు కట్టేదీ మీ చల్లని చూపు కోసమే. 2020 అక్టోబరులో మీ లెక్కలు తారుమారు చేశారన్న గొడవ ముదిరి, వార్తా చానెళ్ల లెక్కలు 2022 మార్చి దాకా ఆపేశారు. అరుపులు మాత్రం ఆగలేదు సామీ.

రాత్రి కరెంటు పోతే రొయ్యల గుంటలో నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగుతాయి, తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. లైను మరమ్మతు ఎన్ని గంటలకో ముందే చెప్పే గొంతుకు మీ దగ్గర ఎన్ని పాయింట్లు? అందుకే మీ పద్దులో లేని దారి ఒకటి చూసుకుంటున్నాం.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆస్తి మీద వార్తా చానెల్ పెట్టాలంటే 20 కోట్ల నికర విలువ చూపించాలి. మిగిలింది ఊరివాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియో. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకూ దీని అనుమతి ఇస్తున్నారు. జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు 2008లో సంగం రేడియో పెట్టి చూపించారు కూడా. సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణివే వెయ్యాలి. ఊరి రేడియోకు ఊరి వార్తే నిషిద్ధం, మీ హాస్యం కంటే ఇది ఒక పిసరు ఎక్కువే.

ఇక డబ్బు. ఇద్దరి జీతాలు, కరెంటు, ఊళ్లు తిరిగేవాళ్ల ఖర్చు, మరమ్మతులకు పక్కన పెట్టేది కలిపి నెలకు 45 వేలనుకోండి, ఏడాదికి 5.4 లక్షలు. ఇంటికి నెలకు 20 రూపాయల చందా. నెలనెలా తిరిగితే వసూలు చేసేవాడి పెట్రోలే తినేస్తుంది, కాబట్టి కోతలప్పుడో రొయ్యల పట్టుబడప్పుడో 240 ఒకేసారి తీసుకోవాలి. రేడియోకు తాళం వెయ్యలేం, కట్టనివాడూ వింటాడు. అమెరికాలో 1949లో శ్రోతల చందాతో కేపీఎఫ్ఏ రేడియో పెట్టిన లూయిస్ హిల్, వినగలిగేవాళ్లలో 2 శాతం కడితే చాలన్నాడు. ఆయన లెక్క మహానగరానిది. ఇక్కడ 20 వేల ఇళ్లలో 2 శాతమంటే 400 ఇళ్లు, 96 వేలు. రెండు నెలలకు సరి. 900 ఇళ్లు కట్టినా 2.16 లక్షలే, తక్కిన 3.24 లక్షలు స్థానిక ప్రకటనల నుంచి రావాలి.

మేత కంపెనీ డీలరు లక్షన్నర చెక్కుతో వచ్చేది సరిగ్గా అప్పుడే. మరుసటి నెల నుంచి మేత ధర మీద కార్యక్రమం ఉండదు. ఎవరూ వద్దనక్కర్లేదు, మనవాళ్లే నాలుక కరుచుకుంటారు. అందుకని ఏ ఒక్కరి దగ్గరా ఏడాది ఖర్చులో పదో వంతుకు, అంటే 54 వేలకు మించి తీసుకోకూడదు. డబ్బు తెచ్చేవాళ్లు కార్యక్రమాల కమిటీలో కూర్చోకూడదు. జమాఖర్చులు నెలకోసారి రేడియోలోనే చదవాలి. చప్పగా ఉంటుంది, అయినా చదవాలి.

యంత్రాల సంగతి మీ జాతిదే కనుక చెబుతున్నాం. యాంటెనా బలం కలిపి మామూలుగా 100 వాట్ల దాకా, స్తంభం 30 మీటర్ల దాకా అనుమతి. చదును నేల కాబట్టి పదీ పన్నెండు కిలోమీటర్లు అందుతుంది. మా శత్రువు ఉప్పుగాలి. కనెక్టరు పచ్చబడి, కేబులులోకి నీరు దిగితే, పైకి పోవాల్సిన పవరు వెనక్కి తన్నుతుంది. ట్రాన్స్‌మిటరు తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. స్టూడియోలో అన్ని దీపాలూ వెలుగుతుంటాయి, మైపాడులో గరగర. జాయింటుకు రబ్బరు టేపు సాగదీసి చుట్టాలి, కేబులు గదిలోకి వచ్చేచోట కిందికి ఒక వంపు వదలాలి, వెనక్కి వచ్చే పవరు వారానికోసారి రాసుకోవాలి. పిడుగుల కాలం రాకముందే ఎర్తు గుంతలో నీళ్లు పొయ్యడం ఎవరి పనో పేరు రాసి గోడకు అంటించకపోతే అది ఎవరి పనీ కాదు.

మీరూ చేరవచ్చు. ఏడాదికి 240, రసీదు ఇస్తాం. ఓటు మాత్రం ఒక్కటే, అన్ని వేల ఇళ్ల పేరు చెప్పి రెండోది అడగొద్దు.

ఇట్లు,
మీ లెక్కలోకి రాని శ్రోతలు